చెమట పట్టే చోటున్న బోర్డు

మా మావయ్యగారు పోయారు. పొద్దున్నే కాఫీ తాగి, పంచదార తగ్గిందని అత్తయ్యగారి మీద చిన్న ఫిర్యాదు చేసి, పడక్కుర్చీలో వెనక్కి వాలారు. అత్తయ్యగారు పంచదార డబ్బా తెచ్చేసరికి లేరు. ఎవరినీ కష్టపెట్టకుండా వెళ్ళారని అందరూ అన్నారు. పంచదార విషయంలో తప్ప, అన్నారు అత్తయ్యగారు.

ఆయన భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ మెకానిక్‌గా ముప్ఫై ఏళ్ళు చేశారు. ఏ మిషన్ దగ్గరికెళ్ళినా ముందు అరచెయ్యి తిరగేసి, చేతి వెనక వైపు ఆనించి వేడి చూసేవారు. ఫ్రిజ్ అయినా, మోటారైనా, జ్వరమొచ్చిన మనిషైనా అంతే. "వేగం ఎవడైనా పెంచుతాడు. ఆ వేడి ఎటు పోతుందో చూసినవాడే మేస్త్రీ" అనేవారు.

నేను కాపురానికొచ్చిన మొదటి మూడేళ్ళూ ఆయనతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. మా ఇళ్ళల్లో కోడలు మావగారి ఎదుట కూర్చోదు, ముఖం చూసి మాట్లాడదు. ఏదున్నా అత్తయ్యగారితో చెప్పాలి. ఆవిడ లేకపోతే గుమ్మంతో చెప్పేదాన్ని, "భోజనం వడ్డించానండి" అని. ఆయన కూడా గుమ్మం వైపే చూసి, "వస్తున్నానని చెప్పు" అనేవారు.

మా ఆయన పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తారు. వాటిని కోసి అతికించే పని నాది. ఏడో తరగతితో ఆగిపోయిన నాకు ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే నేనూ ఒక పని వచ్చినదాన్ని అనిపించేది. కానీ మా సిస్టం ఒక పెళ్ళి తయారుచెయ్యడానికి రోజంతా తీసుకునేది. శ్రావణమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. ఇలాగైతే ఎడిటింగ్ టౌన్లో స్టూడియోకి ఇచ్చేద్దామన్నారు మా ఆయన. కోపంగా కాదు, నా కష్టం తగ్గుతుందనే అన్నారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

వంట చేస్తూ ఫోన్లో కంప్యూటర్ల గురించి తెలుగు వీడియోలు వినడం నా అలవాటు. మా క్వాడ్‌కోర్ ప్రాసెసర్ మంచిదేనని, దాన్ని బిగించిన పాత మదర్‌బోర్డే పరిగెత్తనివ్వడం లేదని అలా తెలిసింది. బోర్డు మారిస్తే ఓవర్‌క్లాకింగ్ చెయ్యొచ్చు, అంటే కంపెనీ పెట్టిన వేగం కన్నా కొంచెం పెంచుకోవచ్చు. కొత్త కంప్యూటర్ కొనక్కర్లేదు. ఈ సంగతి అత్తయ్యగారికి చెప్పాను. ఆవిడ వరండాలోకెళ్ళి మావయ్యగారికి చెప్పారు. ఆయన అక్కణ్ణించి, కరెంటు సర్దే భాగం మీద వేడి లాగే రేకు ఉంటుందేమో అడగమన్నారు. ఆవిడ వంటింట్లోకొచ్చి అడిగి, జవాబు పట్టుకెళ్ళి, మళ్ళీ ప్రశ్నతో వచ్చారు. నాలుగోసారికి, "మీ ఇద్దరి మధ్యా నేను తిరగలేనండి బాబూ, పులుసు మాడిపోతోంది" అని స్టవ్ దగ్గరే నిలబడిపోయారు.

మా ఆయన వీడియో పని మీద రాజమండ్రిలో ఉన్నారు. షాపుకి మావయ్యగారే బయలుదేరారు, నన్నూ రమ్మన్నారు. అత్తయ్యగారు మోకాలు నొప్పని రాలేదు. నేను ఆటోలో, ఆయన వెనకాల మోపెడ్ మీద.

షాపతను రంగురంగుల లైట్లు వెలిగే బోర్డొకటి ముందు పెట్టాడు. దీంతో వేగం పెంచొచ్చా అని మావయ్యగారు అడిగితే, అన్నిటికీ అవుతుందండి అన్నాడు. ఆయనకి నచ్చింది. జేబులో చెయ్యి పెట్టారు. నేను పెట్టె మీద పేరు చూశాను. మొదటి అక్షరం ఎ. ఆ రకం బోర్డు మీద మా ప్రాసెసర్ వేగం పెంచడం కుదరదు, బి ఉండాలి. అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుంది. అత్తయ్యగారు లేరు. చూసి చెప్పుకోడానికి అక్కడ గుమ్మం కూడా లేదు, అంతా అద్దమే.

"మావయ్యగారూ, అది వద్దండి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన నా వైపు తిరిగారు. ఆయన చెయ్యి జేబులోంచి ఖాళీగా బయటికొచ్చింది.

"ఎందుకొద్దో షాపాయనకి చెప్పమ్మా, గట్టిగా చెప్పు" అన్నారు.

చెప్పాను. షాపతను తన కంప్యూటర్లో వెతికి చూసి, "చెల్లెమ్మ చెప్పిందే కరెక్టండి" అని ఆ పెట్టె లోపల పెట్టేశాడు. తరవాత అదే ధరలో బి రకం రెండు తెచ్చాడు. అక్కణ్ణించి మావయ్యగారి వంతు. రెండూ తిప్పి చూసి, లైట్లేమీ లేకపోయినా, ప్రాసెసర్ పక్కన మందపాటి రేకు బిగించినదాన్ని తీసుకున్నారు. "దీనికి చెమట పట్టే చోటుంది" అన్నారు.

ఇంటికొచ్చి బిగించాక నేను ఆత్రంగా ఒకేసారి వేగం బాగా పెంచేశాను. కంప్యూటర్ టక్కున ఆగిపోయింది. ఏడుపొచ్చింది. ఆయన నవ్వి, "మెట్టు మెట్టుకీ నిలబడి ఊపిరి పీల్చుకోనియ్యమ్మా" అన్నారు. అలాగే ఒక్కో మెట్టూ పెంచాను. ప్రతి మెట్టుకీ ఆయన అరచెయ్యి తిరగేసి ఫ్యాను గాలి దగ్గర పెట్టి, ఊఁ అనేవారు. మూడో ఊఁ తరవాత చాలన్నారు. ఆ శ్రావణంలో పెళ్ళిళ్ళన్నీ ఇంట్లోనే తయారయ్యాయి. టౌన్లో స్టూడియో మాట మళ్ళీ రాలేదు. మేమిద్దరం నేరుగా మాట్లాడుకుంటుంటే, "నా ఉద్యోగం ఊడింది" అని అత్తయ్యగారు ఊరంతా చెప్పుకున్నారు.

ఆయన పోయిన అయిదో రోజున షాపతను ఫోన్ చేశాడు. పెద్దాయన మంచివారని చాలాసేపు చెప్పాడు. ఆ తరవాత మొహమాటపడుతూ, మాలాంటి ప్రాసెసరే పట్టుకుని ఒకాయన వచ్చాడని, తక్కువలో ఏ బోర్డు ఇమ్మంటావమ్మా అని అడిగాడు. హాలు నిండా పరామర్శకొచ్చిన మగవాళ్ళు కుర్చీల్లో ఉన్నారు. నేను ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళబోయాను.

"ఇక్కడే నిలబడి చెప్పు" అన్నారు అత్తయ్యగారు.

హాలు మధ్యలో నిలబడే చెప్పడం మొదలుపెట్టాను. మా పెద్దవాళ్ళందరూ మజ్జిగ గ్లాసులు సగం దాకా ఎత్తి, తాగడం మర్చిపోయి, నా వైపే చూస్తున్నారు.