వేషం విప్పాక

బందరు కాలేజీలో నేను తెలుగు చెప్పే రోజుల్లో, చల్లపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక విద్యార్థిని ఉండేది. వాళ్ల నాన్న కరెంటు లైన్‌మన్. ఏటా గుడ్ ఫ్రైడేకి వాళ్ల చర్చి నాటకంలో యేసుప్రభువు వేషం ఆయనదే.

ఎమ్మే అయ్యాక ఆమె నా దగ్గరే పరిశోధనకు చేరింది. దేవుడి వేషం కట్టినవాళ్లు ఆట ముగిశాక మళ్లీ మామూలు మనుషులెలా అవుతారన్నది ఆమె ప్రశ్న.

"కూచిపూడి, చర్చి, కేరళ తెయ్యం... ఇన్నయితే ఎలాగమ్మా? ఏదో ఒకటి పట్టుకో," అన్నాను.

"నాటకం అయ్యాక మా నాన్న అన్నం తినేదాకా ఎవరితోనూ మాట్లాడరండీ. చిన్నప్పుడు నామీద కోపమేమో అనుకునేదాన్ని. మిగతావాళ్ల ఇళ్లల్లో ఏం జరుగుతుందో తెలుసుకోవాలండీ."

కాదనలేక ఆమె దరఖాస్తు మీద సంతకం పెట్టాను. నమ్మకం మాత్రం కుదరలేదు.

మొదట కూచిపూడి వెళ్లాం. అమ్మవారి వంటి స్త్రీ వేషాలకు పేరుమోసిన ఒక పెద్దాయన మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టారు. చర్చి మాట వినగానే, "దానికీ మాకూ పోలికేంటమ్మా?" అన్నారు.

ఆమె వాదించలేదు. వాళ్ల నాన్న సంగతి చెప్పింది. ఆయన ఆమె వైపు కాస్త జరిగి కూర్చున్నారు.

"రంగు కడుక్కునేటప్పుడు నేను అద్దం చూడనమ్మా. మా గురువుగారు చూడొద్దన్నారు. ఎందుకని నేనడగలేదు. నన్నూ ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

ఆమె పెన్ను కింద పెట్టేసి వింటూ ఉండిపోయింది. ఏదో ఒకటే పట్టుకోమనడం నా తప్పేనని తిరుగు బస్సులో ఒప్పుకున్నాను.

తర్వాత ఆమె కేరళ వెళ్లింది. అక్కడ గుళ్ల ముందు తెయ్యం అనే దేవుడి వేషం కట్టే మనిషి అద్దంలో ముఖం చూసుకున్నాకే దేవుడవుతాడట. ఆ పైన ఇండోనేషియాలోని బాలి దీవికి వెళ్లి, ఆట అవగానే మాస్కులను గుడ్డలో చుట్టి దాచడం చూసింది. అన్నీ పక్కపక్కన పెట్టి రాసింది.

వైవా రోజున బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు, "నటననీ భక్తినీ కలిపేశావు కదమ్మా?" అని నిలదీశారు.

"నేను కలపలేదండీ. వాటిని విడదీసుకోడానికి వాళ్లు పడే అవస్థ రాశాను."

ఆయన కళ్లద్దాలు తీసి, "బాగా చెప్పావు," అన్నారు. హాలంతా చప్పట్లు. నా కళ్లు చెమర్చాయి.

వెనక వరసలో లైన్‌మన్, కూచిపూడి పెద్దాయన పక్కపక్కనే కూర్చున్నారు.

"వేషం కట్టే ముందు మీరు ఉపవాసం ఎన్నాళ్లుంటారండీ?" అని పెద్దాయన అడుగుతున్నారు.

"గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే శ్రమల దినాలు నలభయ్యీ ఉంటానండీ."

డాక్టరేట్ ఖాయమైందని చెప్పడానికి వెళ్లాను. ఇద్దరూ మాటల్లో మునిగిపోయి నన్ను చూడనేలేదు.