నీలం తిరిగిన కొక్కెం

నా చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదికీ ఉమ్మడి శత్రువు తుప్పు. మా దీవిలో ప్రోతరాపూర్ అనే చోట ఉన్న మా ఇంటి నుంచి సముద్రం కనిపించకపోయినా, దాని ఉప్పుగాలి మాత్రం అడక్కుండానే వచ్చి కూర్చునేది. తలుపు గొళ్లెం, కత్తిపీట, గొడుగు ఊచ, కిటికీ చువ్వ, దేన్నీ వదిలేది కాదు. వారానికోసారి వాటిని ఎమరీ అనే గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, పైన కొబ్బరినూనె పూయడం పిల్లల పని. మిగతా పిల్లలు ఎక్కాలు అప్పజెప్పి మెప్పు పొందితే నేను గొళ్లేలు మెరిపించి పొందేదాన్ని. ఇనుము కనిపిస్తే రుద్దాలి, రుద్దితే మెరవాలి. పదేళ్ల వయసులో నా లోకజ్ఞానం అంతవరకే.

మా తాతయ్య ఫీనిక్స్ బే ఓడరేవు దగ్గర పడవలు బాగుచేసే చోట ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో ఓడెక్కి వచ్చి, మళ్లీ వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఇంటి వెనక రేకుల పాకలో సొంతంగా ఒక డిస్కు మిషను తయారుచేసుకున్నాడు. ఎవరో పారేసిన నీళ్ల పంపు మోటారును బాగుచేసి, దాని ఇరుసుకి పళ్లెమంత చెక్క బిళ్ల బిగించి, బిళ్ల ముఖానికి ఎమరీ కాగితం గుండ్రంగా కత్తిరించి అంటించాడు. దాని ముందు ఒక చిన్న ఇనుప బల్ల. వస్తువుని ఆ బల్ల మీద ఆనించి తిరిగే బిళ్లకి తాకిస్తే, చేత్తో గంటసేపు రుద్దాల్సిన పని నిమిషంలో అయిపోయేది.

ఆ బిళ్ల ఎడమ సగం కిందికి తిరుగుతుంది, కుడి సగం పైకి. ఎప్పుడూ ఎడమ పక్కనే పని చెయ్యాలి. అప్పుడే వస్తువు బల్లకి అణిగి ఉంటుంది. కుడి పక్కన పెడితే ఎగిరొచ్చి మొహాన కొడుతుంది. ఈ మాట తాతయ్య నాచేత ఎన్నిసార్లు చెప్పించుకున్నాడో లెక్కలేదు. అది బాగానే గుర్తుపెట్టుకున్నాను. ఆయన చెప్పిన మిగతావి మాత్రం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

పక్కింటి అక్కకి అప్పటికి ఇరవై రెండేళ్లుంటాయి. మాటల్లో హిందీ కలిపేది, నన్ను ఛోటీ అని పిలిచేది. చిన్నతనంలో వచ్చిన జ్వరంతో ఆమె కుడికాలు సన్నబడి, బలం పోయింది. తొడ నుంచి పాదం దాకా తోలు పట్టీలూ ఇనుప కమ్ములూ ఉన్న కట్టు పెట్టుకుని నడిచేది. ఆ కట్టుకి మోకాలి దగ్గర చిటికెన వేలంత ఉక్కు కొక్కెం ఒకటి ఉండేది. ఆమె నిలబడగానే అది టక్కున గాడిలో పడి, మోకాలు వంగకుండా పట్టుకునేది. కూర్చోవాలంటే వేలితో దాన్ని పైకెత్తాలి. గోడ అవతల టక్కుమంటే అక్క లేచిందని మా ఇంట్లో అందరికీ తెలిసేది. ఆ కట్టు మద్రాసులో చేయించింది. దానికి ఏం చెడినా ఓడ మీద పంపించి వారాల తరబడి చూస్తూ కూర్చోవాల్సిందే.

ఆ ఏడు అక్కకి దీవుల ఉత్తరపు కొసన ఉన్న డిగ్లీపూర్‌లో టీచరు ఉద్యోగం వచ్చింది. అప్పట్లో అంత దూరానికి రోడ్డు లేదు, ఓడలోనే వెళ్లాలి. ఆ ఓడ తప్పితే మళ్లీ ఓడ వచ్చేలోగా చేరాల్సిన గడువు దాటిపోతుంది. వాళ్ల ఇంట్లో ఎవరికీ ఆమెని పంపడం ఇష్టం లేదు. ఓడ నిచ్చెన ఎలా ఎక్కుతావు, ఎలా దిగుతావు, ఎవరు చూస్తారు అని నెల రోజులుగా అదే గోల. అక్క అందరి మాటా విని, ట్రంకుపెట్టె సర్దుకుంది.

ఓడ రేపనగా, ఆ కొక్కెం తుప్పు పట్టి బిగుసుకుంటోందని మరమేకు విప్పి తెచ్చి తాతయ్యకిచ్చింది. పక్కల మాత్రం రెండు తాకులు తాకిస్తే సరిపోతుందని ఆయన అన్నాడు. ముందు ఫీనిక్స్ బేకి వెళ్లి ఆమె టికెట్ కోసం లైన్లో నిలబడాలి కాబట్టి, వచ్చాక చేస్తానని కొక్కేన్ని పాకలో బల్ల మీద పెట్టి బస్సెక్కాడు. నేను దాన్ని చూశాను. తుప్పు పట్టి ఉంది. అక్క రేపు వెళ్లిపోతోంది. అంత అందమైన అక్క అంత మురికి కొక్కెంతో ఉద్యోగంలో చేరడం నాకు నచ్చలేదు.

మోటారు వేశాను. ఎడమ పక్కనే పెట్టాను, అందులో తప్పు లేదు. తుప్పు క్షణంలో పోయింది. కింద ఇంకా చిన్న చిన్న గుంటలున్నాయి. అవి కూడా పోయేదాకా అదిమి పట్టాను. ఇనుము వేడెక్కి వేళ్లు కాలుతుంటే, చేతిగుడ్డ చుట్టుకుని మళ్లీ పట్టుకున్నాను. తిరిగే బిళ్ల దగ్గర గుడ్డ ఉండకూడదన్నది తాతయ్య చెప్పినవాటిలో ఒకటి. గుడ్డ చుట్టాక వేడి తెలియలేదు, ఇంకా గట్టిగా నొక్కాను. తీసి చూస్తే కొక్కెం అద్దంలా ఉంది. కొన మాత్రం నెమలి మెడ రంగులో నిగనిగలాడే నీలం అయింది. నేను అంతకుముందు చేసిన వస్తువులన్నింటిలోకీ అదే అందమైనదని అనుకున్నాను.

కొబ్బరినూనె పూసి తీసుకెళ్లి అక్కకిచ్చాను. తాతయ్య చేశాడని చెప్పాను. ఆ అబద్ధం ఎందుకు ఆడానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. బహుశా నేను చేశానంటే బిగించుకోదని భయపడి ఉంటాను. అక్క దాన్ని కాసేపు వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. కట్టుకి బిగించుకుని మంచం మీంచి లేచింది.

టక్కుమనలేదు.

అక్క గోడ పట్టుకుని వరండా దాకా వచ్చి, స్తంభాన్ని ఆనుకుని నిలబడింది. వరండాకి మూడు మెట్లు. నన్ను కిందికి వెళ్లి నిలబడమంది. నేను వెళ్లాను. ఆమె స్తంభం మీంచి ఒక చెయ్యి తీసేసి, నావైపు చాచింది.

"దాదాజీ చేశారన్నావుగా ఛోటీ, ఇంక డర్ ఏముంది? చెయ్యి పట్టుకో. రేపు ఓడ నిచ్చెన దిగినట్టు దిగుతాను."

ఆమె మొహంలో కోపం లేదు. నన్ను పూర్తిగా నమ్మిన మనిషి మొహం అది. రెండో చెయ్యి కూడా స్తంభం మీద సడలుతోంది. నాకు అంతకన్నా భయం ఆ తరవాత జీవితంలో రెండు మూడుసార్లే కలిగింది.

"దిగొద్దక్కా. నేనే చేశాను. తాతయ్య ఇంకా రాలేదు."

ఆమె స్తంభాన్ని గట్టిగా పట్టుకుని మెల్లిగా మెట్టు మీదే కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కొక్కేన్ని చేతికివ్వగానే ఆ నీలం చూసి అది తాతయ్య పని కాదని తనకి తెలిసిపోయిందని చెప్పింది. మా పాకలో కూర్చుని తాతయ్యతో కబుర్లు చెప్పిన మనిషి, నేను వినని మాటలన్నీ ఆమె వింది. మరి ఎందుకు బిగించుకున్నావని ఏడుస్తూ అడిగాను. నేను చెప్పేదాకా ఆగాలనుకున్నానంది. నేను చెప్పకపోయి ఉంటే స్తంభం వదిలేదా లేదా అన్నది అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

తాతయ్య టికెట్‌తో వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయనకి కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. అక్క ఒక్క ముక్క కూడా నా తరఫున అందుకోలేదు. ఆయన కొక్కేన్ని గోటితో గీసి చూశాడు.

"నీలం తిరిగిందంటే ఉక్కు సత్తువ పోయినట్టే, పాపా. అరిగిపోయిన ఇనుము మళ్లీ రాదు. సెయ్యికి గుడ్డ సుట్టుకోకపోతే నీకే తెలిసీది."

అంతకుమించి తిట్టలేదు. డబ్బా వెతికి ఇంకో ముక్క తీశాడు. ఎప్పుడైనా పనికొస్తుందని అక్క కట్టు కొలతకే కోసి, బెజ్జం వేసి ఉంచిన ఉక్కు ముక్క అది. కొన మాత్రం గాడికి సరిపోయేలా అరగదియ్యాలి. ఆయన మిషను ముందు కూర్చోబోతుంటే అక్క అడ్డుపడింది. పాడు చేసింది ఛోటీ చెయ్యి కదా, బాగు కూడా అదే చెయ్యనీ అంది. ఓడ రేపు పొద్దున్నే అని తాతయ్య గుర్తు చేశాడు. కాలు నాది అని అక్క అంది.

ఆ సాయంత్రం నేను చేసిన పని వివరం ఇది. అక్క తన కాటుక డబ్బా తెప్పించి, కట్టు గాడి లోపల పల్చగా కాటుక పూసింది. ఆ గాడిలో కొక్కెం కొనని పెట్టి నొక్కితే, అడ్డుపడుతున్న చోట నల్లటి మచ్చ అంటుకుంటుంది. ఆ మచ్చ ఉన్నంత మేరే బిళ్లకి తాకించాలి. ఒక తాకు, వెంటనే నీళ్ల మగ్గులో ముంచాలి. తుడిచి, మళ్లీ గాడిలో నొక్కి, మచ్చ ఎక్కడుందో చూడాలి. వట్టి వేళ్లతోనే పట్టుకోవాలి. వేలికి వెచ్చగా తగిలిందంటే ఆగాలి. బిళ్ల అంచు దగ్గర వేగం ఎక్కువ, త్వరగా కాలుతుంది, అందుకని కాస్త లోపలికి పట్టాలి. తాతయ్య వెనక నిలబడి చేతులు కట్టుకున్నాడు. కట్టుకోకపోతే ఆగలేనని ఆయనకి తెలుసు.

ఎన్నిసార్లు ముంచానో తెలియదు. మగ్గులో నీళ్లు బూడిద రంగుకి తిరిగాయి, నా వేళ్లన్నీ కాటుక. చివరికి మచ్చ కొన పొడుగునా ఒకేలా పడింది. ఇంకో తాకు తాకిస్తే ఇంకా నున్నగా వస్తుందని నాకు గట్టిగా అనిపించింది. అక్క వైపు చూశాను. ఆమె నావైపు చూడకుండా మగ్గులో నీళ్ల వైపు చూస్తోంది. నేను మోటారు ఆపేశాను.

అది మెరవలేదు. పక్కల ఎమరీ గీతలు అలాగే ఉన్నాయి, డబ్బాలో పడి ఉన్నప్పుడు తుప్పుకి పడ్డ గుంటలు కూడా. అక్క బిగించుకుని లేచింది. టక్కుమంది. తాతయ్య ఆమె భుజాల మీద తన బరువంతా వేసి నొక్కి చూశాడు. కొక్కెం కదల్లేదు. మూడు మెట్లూ ఆమె చెయ్యి పట్టుకోకుండా దిగింది, ఎక్కింది, మళ్లీ దిగింది. వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఆ నెలలో మొదటిసారి ఆవిడ ఏమీ అనలేదు.

మర్నాడు ఫీనిక్స్ బేలో కూలీలూ, బస్తాలూ, కోళ్ల గంపలూ, అరుపులూ. ఓడ మనిషి ఒకడు సాయం పట్టబోతే, రెహనే దో భయ్యా అని అక్క నవ్వుతూ వద్దంది. ఎక్కే ముందు నా చేతిలో నీలం తిరిగిన పాత కొక్కెం పెట్టి, ఇది నీదే అంది. తరవాత కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. అంత గోలలో టక్కుమన్నది వినపడే వీలు లేదు. కానీ ఆమె మోకాలు ఒక్కసారి కూడా వంగలేదు, నేను కళ్లార్పకుండా చూశాను. ఆ కొక్కెంతోనే డిగ్లీపూర్‌లో చాలా ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పింది. కట్టు మార్చినప్పుడు కూడా కొక్కెం మాత్రం అదే ఉంచమని మద్రాసు వాళ్లతో పోట్లాడిందని ఉత్తరం రాసింది.

ఆఫీసు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నేనూ ఒక డిస్కు మిషను తెప్పించుకున్నాను. చవక రకం. ఓడ మీద నెల రోజులు ప్రయాణం చేసి వచ్చింది. దాని బల్ల ఒక పక్కకి వాలి ఉంటే, మూలమట్టం పెట్టి, కింద రేకు ముక్క దూర్చి సరిచేశాను. గట్టిగా నొక్కితే మోటారు ఆగిపోతుంది. అది లోపమని వీధిలో కుర్రాళ్లంటారు, నాకు మాత్రం సుగుణంగానే కనిపిస్తుంది. ఈ వయసులో ఇదేం సరదా ఆంటీజీ అని వెక్కిరిస్తూనే కత్తులూ, బందులూ, బోల్టులూ తెచ్చి ఇస్తుంటారు. పక్కనే మగ్గుతో నీళ్లు పెట్టుకుని, వట్టి వేళ్లతో పట్టుకుని చేస్తాను. చాలనిపించేదాకా కాదు, ఇంకొక్కసారి అనిపించేదాకా చేసి ఆపుతాను. ఏదైనా పాడైతే, వాళ్ల చేతికిచ్చే ముందే చెబుతాను. నా చేతిలో పాడైనవి తక్కువేం కాదు.

మిషను పైన గోడకి ఒక మేకు ఉంది. ఆ మేకుకి అక్క ఇచ్చిన కొక్కెం వేలాడుతుంది. నీలం ఎప్పుడో పోయింది, మొత్తం తుప్పు పట్టింది. మా ఇంట్లో నేను రుద్దకుండా వదిలేసిన ఇనుము అదొక్కటే.