తొవ్వ చెప్పే మనిషి

ఎనభైల్లో కర్మన్‌ఘాట్ పొలాల్లో కాలనీలు లేచినప్పుడు, బోర్డుల్లేని ఆ వీధుల్లో కొత్తవాళ్లకు దారి చెప్పింది పాండురంగమే. ఇప్పుడు మూలమూలకూ బోర్డులున్నాయి, ఎవరూ అడగరు. అందుకే రోజూ దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్‌కు వచ్చి, కండువాతో కళ్లద్దాలు తుడుచుకుని, ఆన్‌లైన్ ఆట తెరుస్తాడు. అందులో అందరికీ కత్తివీరుడో మాంత్రికుడో కావాలని ఆశ. పాండురంగం మాత్రం కత్తి పారేసి కోట గేటు దగ్గర నిలబడతాడు. ఒంటివేలితో అక్షరాలు వెతుక్కుంటూ వచ్చిపోయేవాళ్లకు దారి చెబుతాడు.

ఆ రోజు పక్క కుర్చీలో అదే ఆట ఆడుతున్న కోచింగ్ కుర్రాడు స్నేహితుడితో అన్నాడు: "గేటు కాడ ఉన్నోడు మనిషి గాదురా, గేమ్ల బొమ్మ. ఎవలొచ్చినా తొవ్వ చెప్తనే ఉంటడు."

పాండురంగం తల తిప్పలేదు. మెల్లగా ఒక్కో అక్షరమే కొట్టి ఆటలోనే ఆ కుర్రాడికి పంపాడు: "తిన్నవా బిడ్డా?"

"అరె, మనిషేరా!" కుర్రాడు నవ్వి, టకటకా జవాబు కొట్టాడు: "తిన్న. నువ్వు తిన్నవా?"

ఆ మాట తననెవరైనా అడిగి ఎన్నాళ్లయిందో. "ఇంకా తినలే" అని కొట్టడం పూర్తయ్యేసరికి పక్క కుర్చీ ఖాళీ అయింది. పక్కకు తిరిగి నోటితో చెబితే సరిపోయేదని అప్పుడు తట్టింది పాండురంగానికి.