మాటలకు వేసిన బిల్లు

వరంగల్ బజార్లో మా బాపుకు బట్టల దుకాణం ఉండేది. వచ్చినవాళ్లను పరుపు మీద కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఎంతసేపైనా మాట్లాడేవాడు. తానులోంచి గుడ్డ చింపితేనే పైసలు. లోకమంతా ఇదే పద్ధతిలో నడుస్తుందని ఆయన నమ్మకం.

ఎనభైల మొదట్లో అమ్మ నిద్ర మానేసింది. తర్వాత మాటలూ మానేసింది. హన్మకొండలో ఒక మానసిక వైద్యుడికి చూపించడం మొదలుపెట్టాం. ఊళ్లో ఆయన్ని పిచ్చి డాక్టర్ అనేవాళ్లు కాబట్టి, చుట్టాలకు కంటి డాక్టర్ అని చెప్పాం. అద్దాలేవని మా పెద్దమ్మ అడిగినప్పుడల్లా కొత్త అబద్ధం అల్లాల్సి వచ్చేది.

మందులతో అమ్మకు నిద్ర పట్టింది గానీ, మాట ఇంకా రాలేదు. బాపు మాత్రం ఇక చాలు, మానేద్దాం అనడం మొదలుపెట్టాడు. మానేస్తే అమ్మ అలాగే ఉండిపోతుందని నాకు భయం.

ఒక రోజు డాక్టర్ దగ్గర అమ్మను చూపించాక, బిల్లులో ఫీజు, మందులు కాక ఇంకో చార్జీ కనబడింది. బాపు ఆ కాగితాన్ని గుడ్డ నేత చూసినట్టు వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇదేంది?"

"మాట్లాడినదానికి సేటూ," అన్నాడు కౌంటర్లో కంపౌండర్.

"ఆమె మాట్లాడ్తనే లేదు గద. ఆడని మాటలకు పైసలా?"

"ఆమెయి కావు, మీయి. పోయినసారి ఆమెను బయట కూసోబెట్టి, మీరొక్కలే లోపట గంటసేపు మాట్లాడిండ్రు."

"అది ఊకె మాట్లాడిన. డాక్టర్ సాబే చాయ్ తాపిండు. చాయ్ తాపి పైసలడుగుతరా ఎవలన్న? నా దుకాన్ల నేను గిట్లనే బిల్లు రాస్తే సగం వరంగల్ నాకు బాకీ పడ్తది. ఇగ రాం, పోండ్రి."

బెంచీల మీద ఒకరిద్దరు నవ్వారు. బాపు గెలిచిన ముఖం పెట్టాడు.

"ఏడ్శిండ్రు గూడ గద సేటూ. నీళ్లు నేనే తెచ్చిచ్చిన," అన్నాడు కంపౌండర్, నీళ్లకు చార్జీ వేయనందుకు సంతోషించమన్నట్టు.

బాపు ఏడుస్తాడని నాకు తెలియదు. ఎటు చూడాలో తోచక గోడ మీది క్యాలెండర్ చూశాను.

"గంటసేపు ఏం మాట్లాడిండ్రు?"

అడిగింది అమ్మ. బెంచీ మీద నుంచి, మామూలు గొంతుతో.

బాపు తడబడ్డాడు. "నీ గురించే."

"నాతోని మాట్లాడితే ఊకెనే అయితుండె గద."

బాపు బేరమాడకుండా బిల్లు కట్టాడు. మళ్లీ ఎప్పుడు రావాలో అడిగాడు. బయటికొచ్చి, పైసా దండగంటే ప్రాణం పోయే మనిషి, రెండు రిక్షాలు పిలిచాడు. ఒకదాంట్లో నన్నొక్కదాన్నే ఎక్కించాడు.