బట్టలు మార్చుకున్న బొద్దింక

మీ ఆయన ఏం చేస్తారని ఎవరైనా అడిగితే ఆయన భార్య ఎప్పుడూ ఒకటే చెప్పేది. "పొద్దున్నే మందు కొట్టడానికి వెళతారండి." విన్నవాళ్లు అయ్యో పాపం అన్నట్టు చూసేవారు. అప్పుడు, "బొద్దింకలకి," అని కలిపేది, కాస్త ఆగి. ఆ ఆగడంలో ఆవిడకదో సరదా.

ఇళ్లలో, హోటళ్లలో వంటగదులకు పురుగుల మందు కొట్టడం ఆయన ఉద్యోగం. అందరూ మందాయన అనేవారు. చంపినట్టు రుజువుగా ఫోటో తీసి ఆఫీసుకు పంపాలి గనక, ఆయన ఫోను నిండా కాళ్లు పైకెత్తిన బొద్దింకలే. ఇది ఫోనా, శ్మశానమా అని భార్య దాన్ని ముట్టుకునేది కాదు.

ఒక రోజు, ఎప్పుడూ మందు కొట్టే క్యాంటీన్‌కు వెళ్లేసరికి, దాని యజమానురాలు పెద్దక్క గుమ్మంలోనే పట్టుకుంది.

"వంటగది మొత్తానికీ ఒక్కటే మిగిలిందని పోయినసారి నువ్వే అన్నావు. ఆ ఒక్కటీ ఇవాళ పోవాలి. ఆ తర్వాత ఇంకోటి కంటబడిందంటే మాత్రం నువ్వు మళ్లీ రావద్దు. మీ ఆఫీసుకీ చెప్పేశాను."

"అలాగే అక్కా," అన్నాడు మందాయన. ఈ క్యాంటీన్ చేజారితే నీ ఉద్యోగమూ అంతేనని ఆఫీసువాళ్లు ముందే చెప్పి పంపారు.

సింకు కింద చెక్క తీసి చూస్తే అది గోడకు అంటుకుని ఉంది. గొట్టం ఎక్కుపెట్టాడు. అది పారిపోలేదు. దాని వీపు మీద పెంకు నిలువునా చీలి, అందులోంచి తెల్లగా, మెత్తగా ఏదో ఉబికి వస్తోంది. ఇన్నేళ్లలో ఎన్ని బొద్దింకల్ని చంపాడో గానీ, పరిగెత్తడం, చావడం తప్ప వాటికి ఇంకో పని ఉంటుందని ఆయన ఎరగడు. గొట్టం కింద పెట్టి ఫోను తీశాడు.

"ఏంటి ఆలస్యం? కొట్టు," అంది వెనక నుంచి పెద్దక్క.

"కాస్త ఆగండక్కా. బట్టలు మార్చుకుంటోంది."

పెద్దక్క వంటవాణ్ణి కేకేసింది. గరిటెతో సహా పరిగెత్తుకొచ్చిన వంట మాస్టర్, మర్యాదస్తుడు కాబట్టి, ముందు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆనక వంగి చూశాడు. తల బయటికొచ్చింది, కాళ్లు వచ్చాయి, ఎడమ మీసం మాత్రం పాత పెంకులో ఇరుక్కుంది. మందాయన ఫోటో మీద ఫోటో తీస్తున్నాడు.

"లాగు తల్లీ, లాగు," అంది పెద్దక్క, ఇందాక దాని చావు కోరిన మనిషి.

వెనక పొయ్యి మీద ఏదో మాడింది. ఎవరూ కదల్లేదు. చివరికి మీసం ఊడొచ్చింది, కొన వంకర తిరిగి. ముగ్గురూ ఒకేసారి ఊపిరి వదిలారు.

"ఇప్పుడు కొట్టమంటారా?" అన్నాడు మందాయన, మనసొప్పకుండానే.

"ఒళ్లింకా ఆరని పసిదాని మీదా? నీకు చేతులెలా వస్తాయయ్యా?" అంది పెద్దక్క. మన బొద్దింకకు వెలుతురు తగలకుండా మాస్టర్ ఒక మూత తెచ్చి అడ్డం పెట్టాడు.

మధ్యాహ్నం దాకా మందాయన సామాన్ల గదిలో మూలమూలకీ మందు కొట్టాడు. చేతులు కడుక్కుందామని సింకు దగ్గరికి వస్తే, గోధుమరంగు బొద్దింక ఒకటి కాళ్ల ముందు నుంచి సర్రున పోయింది. బుర్ర కంటే ముందు చెయ్యి కదిలింది. అది వెల్లకిలా పడింది.

అలవాటుగా ఫోటో తీశాడు. ఫోనులో చూస్తే ఎడమ మీసం కొన వంకర. ఆ తెల్ల పెంకే పూట గడిచేసరికి గోధుమరంగుకు తిరిగిందన్నమాట. జీవితంలో మొదటిసారి ఒక బొద్దింక కోసం ఏడుపొచ్చింది.

మందు వాసనకు పెద్దక్కా మాస్టరూ వచ్చారు. పెద్దక్క కింద పడున్నదాన్ని చూసింది. అడగలేక అడిగింది.

"ఇది మనది కాదు కదా?"

మనదే అంటే ఉన్న ఒక్కటీ పోయినట్టు, ఉద్యోగం నిలబడుతుంది. కాదంటే రెండోది కంటబడినట్టు. మాస్టర్ ఆయన నోటి వంకే చూస్తున్నాడు.

"కాదక్కా. మనది తెల్లది కదా. ఇది వేరేది," అని మందాయన ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"అమ్మయ్య," అని పెద్దక్క గుండె మీద చెయ్యేసుకుంది. అప్పటికి గాని పొద్దున తానన్న మాట గుర్తుకు రాలేదు. ఆయన వైపు జాలిగా చూసింది.

"అయితే రేపట్నుంచి నువ్వు రావద్దు తమ్ముడూ," అంది.