వేలి కొసకు కుట్టిన తేలు

అది 2022 ఎండాకాలం. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి వైపు వెళ్లే దారిలో ఒక చిన్న నర్సింగ్ హోమ్, అందులో క్యాజువాల్టీలో నర్సుగా పగటి డ్యూటీ నాది. క్యాజువాల్టీ అంటే అత్యవసరంగా వచ్చినవాళ్లను ముందు చూసే గది. పక్కనే అశోక్‌నగర్ కాబట్టి మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది సర్కారు కొలువుల పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లలే. గ్యాస్ నొప్పి, కళ్లు తిరగడం, నిద్ర పట్టకపోవడం, ఇవే వాళ్ల జబ్బులు. తేలు కాటు మాత్రం అరుదు.

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే, పాల ప్యాకెట్ మీద తేదీ చూడకుండా చేత్తో ముట్టుకోను. ఈ ఉద్యోగంలో పదహారేళ్లు ఉంటే ఎవరికైనా వస్తుంది. కడుపునొప్పి అని వచ్చినవాడు ఏం మింగాడో చెప్పడు. మెట్ల మీద జారిపడ్డానన్న ఆమె ఎవరు తోశారో చెప్పదు.

ఒక మధ్యాహ్నం ప్రవీణ్ అనే కుర్రాడు ఆటో దిగి తూలుకుంటూ వచ్చాడు. సూర్యాపేట దగ్గరి పల్లె, అశోక్‌నగర్ హాస్టల్లో పై అంతస్తు గది. ఒళ్లంతా చెమట, చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి, గుండె దడదడలాడుతోంది. బూటు వేసుకుంటుంటే తేలు కుట్టిందన్నాడు. బూటు వేసుకుంటే కాలికి కుట్టాలి గాని చూపుడు వేలి కొసకు ఎందుకు కుట్టిందని అడిగాను. దులుపుతుంటే కుట్టిందని మాట మార్చాడు. కాళ్లకేమో హవాయి చెప్పులున్నాయి.

తేలు కుట్టి వచ్చేవాళ్లకు ఒక అలవాటుంది. చంపిన తేలును కవర్లోనో సీసాలోనో వేసుకుని వస్తారు, మేం చూడకపోతే చిన్నబుచ్చుకుంటారు కూడా. ఇతను చంపలేదు, తేలేదు, అది ఎటు పోయిందో కూడా తెలియదట. సరే, అదీ పోనీ అనుకుంటే, డాక్టర్ గారు రాకముందే "ప్రజోసిన్ ఉన్నదా అక్కా?" అన్నాడు. ప్రజోసిన్ అసలు బీపీ మాత్ర. ఎర్ర తేలు విషం నుంచి గుండెను కాపాడటానికి అదే వాడతాం. మామూలుగా వచ్చేవాళ్లు ఇంజెక్షన్ వెయ్యమంటారు, లేకపోతే మంత్రం వేసేవాళ్లున్నారా అంటారు. మాత్ర పేరు చెప్పిన మనిషిని నేను అతన్నొక్కణ్నే చూశాను.

మందు పనిచేసింది, మర్నాటికి లేచి కూర్చున్నాడు. హాస్టల్‌కు పంపేటప్పుడు గదంతా మూలమూలా వెతికించుకోమని గట్టిగా చెప్పాను. తలూపి గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాడు.

"అక్కా, పిల్ల తేలు కుడితె గూడ ఇట్లనే అయితదా?"

"పిల్ల తేలు నీకెక్కడ కనబడ్డది?"

"ఊకెనే అడిగిన."

ఊకెనే అడిగే ప్రశ్నేనా అది? వెంటనే డాక్టర్ గారికి చెప్పాను. ఆయన హాస్టల్ యజమానికి ఫోన్ చేసి గదులు వెతికించమన్నారు. వెతికించామని, చీమ కూడా కనబడలేదని కబురొచ్చింది. నాకైతే నమ్మకం కుదరలేదు.

ఆ వారం దాటకుండానే సుజాత అనే ఆమె ఏడ్చుకుంటూ వచ్చింది. అదే హాస్టల్ మెస్‌లో వంట చేస్తుంది, కింద వంటింటి పక్క గదిలోనే కాపురం. ఆమె నాలుగేళ్ల బిడ్డ శ్రావ్యను ఎత్తుకొచ్చినవాడు ప్రవీణ్. పిల్ల వాంతులు చేసుకుంటోంది, చొక్కా చెమటతో తడిసిపోయింది. ఆడుకుంటూ ఆడుకుంటూ ఒక్కసారి ఏడుపు మొదలుపెట్టిందని, పొద్దుటినుంచి ఎండలోనే తిరిగిందని తల్లి చెప్పింది. ఆ ఎండలకు రోజూ వడదెబ్బ కేసులే. డాక్టర్ గారు సెలైన్ ఎక్కించమన్నారు, సూది నా చేతిలోనే ఉంది.

పిల్ల అరికాలు పట్టుకుంటే చల్లగా తగిలింది. ఆ రోజు ప్రవీణ్ చేతులు కూడా ఇట్లాగే ఉన్నాయి. తేలు విషం గుండెను పట్టినప్పుడు సెలైన్ గబగబా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. వడదెబ్బకు మేలు చేసేదే ఈ పిల్లను చంపుతుంది. కుట్టిన గుర్తు కోసం కాళ్లూ చేతులూ చూశాను, కనబడలేదు. తలెత్తితే ప్రవీణ్ గుమ్మం దగ్గర గోడకు అతుక్కుని నిలబడ్డాడు. తేలు కుట్టిన దొంగ అంటారే, అచ్చం అట్లాగే, నోరు తెరవకుండా.

"తమ్మీ, నీ సంగతి తర్వాత చూద్దాం. తేలా కాదా? ఒక్క మాట చెప్పు."

అతను సుజాత వైపు చూశాడు. పిల్ల వైపు చూశాడు.

"తేలే అక్కా. ఎర్రది. నా తానకెల్లే పోయింది."

డాక్టర్ గారు సెలైన్ వద్దని ప్రజోసిన్ మొదలుపెట్టారు. తర్వాత మిగతాదంతా బయటికొచ్చింది. తేలు విషం కొంటామని ఫోన్లో ఎవడో చెప్పిన మాట నమ్మి, ఊరి గుట్టల్లోంచి ఎర్ర తేళ్లు తెచ్చి ప్లాస్టిక్ డబ్బాల్లో పెంచుతున్నాడు. ముట్టుకోగానే కొండి ఎత్తేవాటినే ఏరి జత కట్టించేవాడట, కోపం ఎక్కువున్న తేలుకు విషం కూడా ఎక్కువని. ఈనిన తల్లి తేలును డబ్బా మారుస్తుంటే వేలికి కుట్టింది, డబ్బా చేజారింది. వీపు మీద పిల్లలతో సహా అది నీళ్ల పైపు సందులోకి దూరింది. ఆ పైపు దిగేది వంటింట్లోకే. వెతకడానికి వస్తారని తెలిసి మిగతా డబ్బాలను మేడ మీద ట్యాంకు కింద దాచాడు.

అంతా తెలిసి మెస్‌లో అన్నం తిని పోయేవాడు. నాకు చెంప పగలగొట్టాలనిపించింది.

డాక్టర్ గారు ఎంఎల్‌సీ రాశారు, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసు అని. ఆ రాత్రంతా పిల్ల ఊపిరి వింటూ సుజాత మంచం దిగలేదట. పొద్దున నేను డ్యూటీకి రాగానే ముందు పిల్ల పాదాలు పట్టుకుని చూశాను. వెచ్చగా ఉన్నాయి. నన్ను చూసి బిస్కెట్ అడిగింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పోలీసులతో వెళ్లేముందు సుజాతకు నీ నోటితోనే చెప్పమని ప్రవీణ్‌ను లోపలికి పంపాను. చెప్పాడు. ఆమె తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. పిల్ల నిద్ర లేస్తుందేమోనని గొంతు కూడా పెంచలేదు.

"నువ్వు దవాఖానకెల్లి వచ్చిననాడు జావ కాసి పంపిన. ఎవల చేతిల పంపిన తమ్మీ? దీని చేతిలనే గద. డబ్బ అందుకున్నవు. అప్పుడన్న చెప్పకపోతివి."

 ఆమె మళ్లీ అతని వైపు చూడలేదు.

ఆ కేసు తర్వాత నేను అడిగే తీరు మారింది. ఎట్లా కుట్టిందని అడిగితే బూటు అంటారు, బాత్రూం అంటారు. ఇప్పుడు ముందుగా ఆ ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉంటారని అడుగుతాను. చిన్నపిల్లలుంటే పేర్లు చెప్పిస్తాను. పిల్ల పేరు నోటితో పలికాక అబద్ధం ఆడటానికి చాలామందికి నోరు రాదు.