హలో పిన్ని మైకు టెస్టు

ఎన్నికల ప్రచారం వ్యాను కదిలే ముందు మైకు పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. అందుకు లోకమంతా "ఒకటి, రెండు, మూడు" అంటుంది. హలో పిన్ని మాత్రం తన ఇంటి సంగతులు చెబుతుంది.

"హలో... హలో... మా ఆయన పళ్ళ సెట్టు గ్లాసులో పెట్టి, ఆ గ్లాసు ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు. హలో. ఇంకా దొరకలేదు. హలో."

వ్యాను మీది రెండు లౌడ్‌స్పీకర్లు ఆ వార్తను వీధి చివరిదాకా మోసుకెళ్ళేవి. కిటికీలు టపటపా తెరుచుకునేవి. "నిన్న మీ కోడలు అలిగిందన్నారు, అన్నం తిందా?" అని మేడమీంచి ఎవరో అడిగితే, "తింది, నా వాటా కూడా తింది, హలో," అని పిన్ని జవాబిచ్చేది. పాపం, వాళ్ళాయన ఆ వీధి మొహం చూసి నాలుగు ఎన్నికలైంది.

ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన ప్రచారం ఇన్‌చార్జితో సహా పార్టీ ఆఫీసంతా ఆవిణ్ణి పిన్ని అనే పిలిచేది. కొత్తమ్మాయి మూడో వ్యాను అనౌన్సరుగా చేరిన రోజే గంభీరం గారు పక్కకి పిలిచి జాగ్రత్త చెప్పాడు. గంభీరం అంటే మొదటి వ్యాను అనౌన్సరు. ఆయన దగ్గితే గాజు గ్లాసులు కదిలేవి.

"అమ్మాయ్, పిన్ని మంచిదే. కానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడకి టైమెంతో కూడా చెప్పకు."

కొత్తమ్మాయి బుద్ధిగా తలూపింది. అప్పటికే ఆమె కడుపులో ఒక గుట్టు ఉంది, దానికి మూడో నెల. పోయిన ఎన్నికల్లో ఒకావిడ గర్భవతి అని తెలిసిన మర్నాడే ఇన్‌చార్జి ఎంతో ప్రేమగా "విశ్రాంతి తీసుకోమ్మా" అని ఇంటికి పంపేశాడట. ఆ విశ్రాంతికి జీతం లేదు. కొత్తమ్మాయి ఇంట్లో ప్రస్తుతానికి సంపాదన ఆమె ఒక్కతిదే.

పని ముగ్గురిదీ ఒకటే. పొద్దున ఎనిమిదికి వ్యానెక్కి, సాయంత్రం ఆరుదాకా వీధులు తిరుగుతూ అభ్యర్థి హామీలు చదవాలి. తేడా అల్లా సీటు దగ్గర. గంభీరం గారు డ్రైవరు పక్కన మెత్తటి సీట్లో కూర్చుంటే, ఆయన వ్యానులో కరపత్రాల కట్టలు వెనక ఉండేవి. ఆడవాళ్ళ వ్యానుల్లో మాత్రం కరపత్రాలు ముందు సీట్లో దర్జాగా కూర్చునేవి, మనిషి వెనక రేకు మీద ఎగిరెగిరి పడేది. అదేమంటే, "కాగితం నలిగిపోతుందమ్మా" అనేవాడు ఇన్‌చార్జి.

ఒక శనివారం గంభీరం గారు గొంతు మాత్ర చప్పరిస్తూ నిట్టూర్చాడు. "వారానికి ఏడు వేలు! ఈ గొంతుకి మందులకే చాలదమ్మాయ్."

కొత్తమ్మాయి కవరులో ఉన్నది నాలుగు. ఆమెకు ఒళ్ళు మండింది. సోమవారం తిన్నగా ఇన్‌చార్జి బల్ల దగ్గరికి వెళ్ళి అడిగేసింది.

"ఆయనది గొంతమ్మా," అన్నాడు ఇన్‌చార్జి.

"మరి నాది?"

"మీది సాయం. అయినా మీ మీద అభిమానం కొద్దీ ఎక్కువే వేశాను. పక్కావిడకి చెప్పకండి, బాధపడుతుంది. కష్టంగా ఉంటే చెప్పండి, మనిషిని మారుస్తాను."

కొత్తమ్మాయి బయటికొచ్చి వ్యాను వెనక వాంతి చేసుకుంది. తలెత్తేసరికి ఎదురుగా నీళ్ళ సీసాతో హలో పిన్ని.

"ఎన్నో నెల?"

"మూడు. పిన్నీ, నీకు దణ్ణం పెడతాను, ఎవరికీ..."

"ముందు పుక్కిలించు. ఆ కళ్ళెందుకు ఎర్రబడ్డాయి? అది వాంతి ఏడుపు కాదే!"

ఆ అడిగిన తీరుకి కొత్తమ్మాయి జీతం గొడవంతా వెళ్ళగక్కింది. పిన్ని మొహంలో నవ్వు మాయమైంది.

"నాలుగా? నాకూ నాలుగే. పదకొండేళ్ళుగా నామీద అభిమానం కొద్దీ ఎక్కువ వేస్తున్నానంటాడే! పక్కావిడ బాధపడుతుందని నోరు మూసుకున్నాను. అంటే నువ్వు బాధపడతావని నేనూ, నేను బాధపడతానని నువ్వూనా?"

"నా సంగతి మాత్రం..."

"సర్లే, సర్లే," అని చెయ్యూపుతూ పిన్ని వెళ్ళిపోయింది. ఆ ఊపుడు కొత్తమ్మాయికి ఏమాత్రం ధైర్యం ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున పిన్ని మైకు అందుకుంది. కిటికీలు తెరుచుకున్నాయి.

"హలో... హలో... ఇవాళ మా ఇంటి వార్తలు లేవు. ఒక గుట్టు చెబుతాను. హలో."

కొత్తమ్మాయి వ్యాను చాటుకి జరిగింది.

"ఇది గుట్టని నిన్నటిదాకా నాకే తెలియదు. హలో. వారానికి నా కవరులో నాలుగు వేలు. పక్కవాళ్ళది నేను చెప్పను, ఎవరిది వాళ్ళే చెప్పుకోవాలి." అని మైకు కొత్తమ్మాయి ముందు పెట్టింది.

వద్దంటే పిన్ని మైకు వెనక్కి తీసుకునేది, అది కొత్తమ్మాయికి తెలుస్తూనే ఉంది. ఆమె మైకు పుచ్చుకుంది. "నాలుగు వేలు," అంది. లౌడ్‌స్పీకర్లో తన గొంతు తనకే కొత్తగా, గట్టిగా వినిపించింది.

మైకు గంభీరం గారి ముందుకు వెళ్ళింది. ఆయన మాత్ర మింగేశాడు. "ఏడు," అన్నాడు. వీధి వీధంతా కంపించింది.

ఇన్‌చార్జి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. "ఏమిటిది పిన్నీ!"

"మైకు టెస్టండీ. బాగానే పనిచేస్తోంది."

పైఅంతస్తులో కాపురం ఉండే అభ్యర్థి సగం గడ్డం గీసుకుని దిగొచ్చాడు. పిన్ని కరపత్రం తీసి మూడో హామీ చదివింది. "ఆడవారికి మగవారితో సమానంగా జీతం. అయ్యా, దీన్ని రోజుకి నలభైసార్లు చదువుతున్నాం. ఇవాళ గొంతు దాటి రావడం లేదు."

"ఎన్నికలయ్యాక తప్పకుండా చూద్దామమ్మా."

"అలాగే బాబూ, మేమూ ఎన్నికలయ్యాకే వ్యానెక్కుతాం."

ఆడవాళ్ళిద్దరూ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. గంభీరం గారు కాసేపు అటూ ఇటూ చూసి, కింది మెట్టు మీద కూలబడ్డాడు. ఎనిమిది దాటింది. తొమ్మిది దాటింది. "మా ఇంట్లో పొయ్యి ఆరిపోతే?" అని కొత్తమ్మాయి లోపల భయపడుతూనే ఉంది, కానీ లేవలేదు. తొమ్మిదిన్నరకి అవతలి పార్టీ వ్యాను పాటలు పెట్టుకుని అదే వీధిలో రెండుసార్లు తిరిగింది. అభ్యర్థి రెండో చెంప కూడా గీసుకొచ్చి, ముగ్గురికీ ఏడేనని అందరి ముందూ చెప్పాడు.

"మైకులో చెప్పండి," అంది పిన్ని. చెప్పాడు.

"ఇంకొకటి బాబూ. నాకు మోకాళ్ళు అరిగిపోయాయి, రేకు మీద కూర్చోలేను. వెనక్కి పోవాల్సింది కరపత్రాలు. రెండు గంటలకోసారి వ్యాను ఆపాలి కూడా, నా వయసు అలాంటిది. నాకొక్కదానికే ఇస్తే పక్షపాతమంటారు, అమ్మాయికీ ఇవ్వండి."

ఇన్‌చార్జి పళ్ళు నూరుకుంటూ కట్టలు తనే మోసి వెనక పడేశాడు.

మర్నాడు కొత్తమ్మాయి మెత్తటి సీట్లో సర్దుకుంటూ పక్కకి చూస్తే, హలో పిన్ని తన వ్యాను టాపు మీద గొంతుక్కూర్చుని లౌడ్‌స్పీకరు తాడు బిగిస్తోంది.

"పిన్నీ! మోకాళ్ళు?"

"ఏ మోకాళ్ళు?" అంటూ పిన్ని పిల్లిలా కిందికి దూకింది.

కొత్తమ్మాయికి ఒక్కసారిగా అంతా అర్థమై కళ్ళు చెమర్చాయి. "అందరూ నీ నోటికి భయపడతారు పిన్నీ. నా గుట్టు మాత్రం..."

"నీ ఒక్కదానిదేనా? ఈ ఆఫీసులో పదకొండేళ్ళ గుట్లు నా దగ్గరున్నాయి. గంభీరానికి చీకటంటే భయం, నేనెవరికైనా చెప్పానా?" పిన్ని నాలుక కరుచుకుంది. "అది నువ్వు వినలేదు. చూడమ్మా, జనానికి పొద్దున్నే నవ్వుకోవడానికి ఎవరిదో ఒక ఇల్లు కావాలి. మాది ఇచ్చేశాననుకో, మీ జోలికి రారు."

ప్రచారం ఆఖరి రోజు పిన్ని టెస్టుకి వచ్చేసరికి మైకు కొత్తమ్మాయి చేతిలో ఉంది.

"హలో... హలో... నాకు నాలుగో నెల. హలో. వచ్చే ఎన్నికల్లో కూడా ఈ వ్యాను నాదే, ముందు సీటూ నాదే. హలో."

వీధంతా చప్పట్లు. ఇన్‌చార్జి అందరి మొహాలూ చూసి, తనూ చప్పట్లు కొట్టాడు. హలో పిన్ని రెండు చేతులూ బుగ్గల మీద వేసుకుని, మైకులో పడేంత గట్టిగా, ఎక్కడలేని ఆశ్చర్యం ప్రకటించింది.

"చూశారా అమ్మా ఈ పిల్ల గుట్టు! నాకు ఒక్క ముక్కయినా చెప్పలేదు, హలో!"